సైకిలు యాత్రలో ఒక కష్టదినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



దూరదేశము పోయి వచ్చినవాని చుట్టు చేరి ఊరివారు కథ లడుగుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న వేడుక. కాశికి పోయినవాడు గంగను గూర్చి చెప్పును. రంగూనుకు పోయినవాడు ఓడను గూర్చి చెప్పును. చెప్పువానికిని వినువారికిని గొప్పగా తోచునవి అక్కడ చూచిన వింతలే. కాని ప్రయాణమున మనుష్యునకు నిజముగా బుద్ధి గరపునది వింతలు చూచిన దినము కాదు. ముందునకు సాగలేక చతికిలబడిన దినము. అట్టి దినమును దాచిపెట్టి తక్కిన దినములనే చెప్పిన యాత్రాకథవలన వినువారికి కాలక్షేపమే గాని ప్రయోజనము లేదు. అందుచేత నేటి ప్రసంగమునకు సైకిలు యాత్రలోని ఒక కష్టదినమే విషయము.

సైకిలు చరిత్ర చిన్నదే. 1817లో జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రైస్ రెండు చక్రముల బండి నొకదానిని చేసెను. దానికి పెడలు లేదు. కూర్చున్నవాడు కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసుతో వెనుకచక్రము తిరుగు సైకిలును తెచ్చెను. 1888లో డన్‌లప్ గాలిటైరుకు పేటెంటు పొందెను. నేడు మన వీథులలో తిరుగు సైకిలు రూపురేఖలలో ఆనాటిదే. ఇది గడ్డి మేయదు, చమురు త్రాగదు. అయినను తొక్కువాని దేహబలము నంతయు త్రాగును. ఆ సంగతి దగ్గరి ఊరికి పోయి వచ్చునపుడు తెలియదు, దూరము పోయినపుడే తెలియును.

దూరము పోయినవారును కలరు. థామస్ స్టీవెన్స్ అనునతడు 1884లో అమెరికాలో బయలుదేరి 1886 నాటికి ప్రపంచమును చుట్టెను. అతడు తొక్కినది ముందుచక్రము చాల పెద్దదియు, వెనుకచక్రము చిన్నదియునైన పాతకాలపు బండి. దానిపైననే లాహోరునుండి కలకత్తాకు మన దేశమున ప్రయాణించెను. 1923 అక్టోబరున బొంబాయినుండి ఆరుగురు పార్శీ యువకులు ప్రపంచయాత్రకు బయలుదేరిరి. బాగ్దాదునుండి అలెప్పోవరకు గల ఎడారిని దాటిరి. 1928 మార్చిలో యాత్ర ముగించుకొని బొంబాయి చేరినవారు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా. ఆరుగురు బయలుదేరగా ముగ్గురే యాత్ర ముగించిరన్న లెక్కను మనసునందుంచుకొనవలెను. 1926లో కలకత్తానుండి బయలుదేరిన విమల్ ముఖర్జీ 1937లో గాని ఇల్లు చేరలేదు.

సైకిలును జీవితమంతయు విడువనివాడు ఈ నెల్లూరు సీమలోనే పుట్టెను. 1913 మే 1న అలగానిపాడున జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు సుందరరామిరెడ్డి యను పేరులోని కులసూచకమును విడిచిరి గాని సైకిలును విడువలేదు. 1952లో రాజ్యసభ సభ్యులైన పిదప పార్లమెంటు భవనమునకు సైకిలుపై పోయిరి. తరువాత శాసనసభకును అట్లే పోయిరి. వారి రాజకీయమును మెచ్చనివారు కూడ ఆ నిరాడంబరతను మెచ్చిరి. ఒక సామాన్యవాహనమునకు అంతటి గౌరవము తెచ్చిన ఖ్యాతి ఈ జిల్లా బిడ్డదే.

ఇక ఈ తీరపు దారి యెట్టిదో చూతము. పటమున చూచినచో నెల్లూరు తీరము ఉత్తరమునుండి దక్షిణమునకు గీచిన సూటిగీతవలె నుండును. కొండ లేదు, కనుమ లేదు. పటమునే నమ్మినవాడు ఇంత సులభమైన దారి మరొకటి లేదని మురియును. కాని ఈ సమతలమున నాలుగు కష్టములు పొంచియున్నవి: ఇసుక, ముల్లు, నీరు, గాలి.

సముద్రపుటొడ్డున ఇసుకతిప్పలును, వాని వెనుక సరుగుడుతోటలును తాటితోపులును, ఆ వెనుక బకింగ్‌హాం కాలువయు నుండును. 1806లో చెన్నపట్టణమున ఆరంభమైన ఈ కాలువ 1876-78 నాటి మహాక్షామకాలమున కరవుపనులద్వారా పెంపొంది, అప్పటి గవర్నరు పేరు పొందెను. బియ్యము, ఉప్పు, కట్టెలు పడవలపై సాగిన దారి యది. నేడు పడవలును లేవు, ఆ వర్తకమును లేదు. కాలువకు పడమర వరిపొలములు. వానిలో అనేకము ఇటీవలి ముప్పది నలువది యేండ్లలో రొయ్యలగుంటలుగా మారినవి. తీరము వెంటనే సూటిగా పోదమన్నను నదీముఖములును ఉప్పుటేరులును అడ్డుపడును. నందికొండలలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన పెన్న ఊటుకూరువద్ద సముద్రమున కలియును. కావున ఉత్తరమునుండి తీరము వెంట వచ్చువాడు లోపలికి తిరిగి, కోవూరు మీదుగా నెల్లూరు వంతెన చేరవలసినవాడే.

ఈ దారిలో ఒక యాత్రికుని ఊహించుకొందము. పేరుతో పని లేదు. ఈ దారి నెరిగినవారెవరైనను అతనిని గుర్తింపగలరు. వయసు ఇరువది అయిదు. ఉత్తరమునుండి కన్యాకుమారికి పోవుచు, మే నెలలో ఒక రాత్రి కావలిలో విశ్రమించెను. మరునాటి రాత్రికి గూడూరు చేరవలెనని సంకల్పము. పెద్దరహదారిన పోయినచో నూరు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. అతడు మాత్రము సముద్రమును చూచుచు పోదమని తుమ్మలపెంట త్రోవ పట్టెను.

తెల్లవారుజామున బయలుదేరి, సూర్యోదయమునకు ఒడ్డు చేరెను. పడవలు వచ్చుచున్నవి, వలలు దులుపుచున్నారు, చేపలు పంచుకొనుచున్నారు. ఆ సందడి చూచుచు ఎనిమిది గంటలవరకు అక్కడనే నిలిచెను. ఇది మొదటి తప్పు. వేసవిలో సైకిలు తొక్కువానికి చల్లని ఉదయపు రెండు గంటలు మధ్యాహ్నపు నాలుగు గంటలకు సమానము. అతడు ధారాళముగా ఖర్చు పెట్టినది ఆ రెండు గంటలనే.

అక్కడనుండి దక్షిణముగా అల్లూరువైపు తిరిగెను. కొంతదూరము మంచి బాటయే. పిదప ఎవరో దగ్గరిదారి యనగా దానిలో దిగెను. చక్రము ఇసుకలో కూరుకొనెను. తొక్కుట మాని దిగి నెట్టవలసివచ్చెను. మూటతో కూడిన సైకిలును ఇసుకలో ఒక కిలోమీటరు నెట్టుట మంచిబాటపై పది కిలోమీటర్లు తొక్కుటకంటె కష్టము. బాట చేరుసరికి వెనుకచక్రమున గాలి లేదు. సర్కారుతుమ్మ ముల్లు దిగినది. పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన ఈ కంపచెట్టు తీరమంతట అల్లుకొనినది. పల్లెలకు వంటచెరకు ఇచ్చుచున్నను బాటసారికి మాత్రము శత్రువే.

అతని సంచిలో గాలిపంపు, గరుకుకాగితము, ప్యాచీలు, సొల్యూషను అన్నియు నున్నవి. ట్యూబు తీసెను. కన్నము కనబడలేదు. నీటిలో ముంచి బుడగలు చూడవలెను. సీసాలలో రెండు లీటర్ల మంచినీరున్నది. తొందరలో ఆ నీటినే పళ్లెములో పోసి ట్యూబును ముంచెను. నూరు గజముల దూరములో కాలువ యున్నది. బుడగలు చూచుటకు ఉప్పునీరైనను చాలును, త్రాగుటకు మాత్రము చాలదు. ఆ వివేకము అప్పుడు తోచలేదు. ఇది రెండవ తప్పు. ప్యాచీ వేసి, గాలి కొట్టి, సాగెను. అరగంట గడవకముందే చక్రము మరల చప్పబడెను. ఏల? ట్యూబున కన్నమును పూడ్చెను గాని టైరులో విరిగియున్న ముల్లును తీయలేదు. ఆ ముల్లే మరల గ్రుచ్చుకొనెను. ఇది మూడవ తప్పు. రెండవదానివలెనే ఇదియు తొందరలో పుట్టినదే.

వేళ పదునొకండు దాటెను. పడమటి వడగాలి వీచుచున్నది. ఆ ఋతువున ఈ ప్రాంతమున ఎండ నలువది డిగ్రీలు దాటుట సాధారణము. ఇరువైపుల రొయ్యలగుంటలలో నీరు తళతళలాడుచున్నది. త్రాగుటకు ఒక్క పుడిసెడు పనికిరాదు. సీసాలో మిగిలిన నాలుగు గ్రుక్కలును వేడెక్కినవి. సైకిలును నెట్టుకొనుచు, "ఇంకొక కిలోమీటరు, ఇంకొక కిలోమీటరు" అనుకొనుచు నడచుచుండెను. నడచుచుండగా తల బరువెక్కెను, పిక్కలు పట్టుకొనెను, వాంతి వచ్చునట్లుండెను. పిదప ఆ మండుటెండలో ఒడలు జలదరించెను.

ఇక్కడ కథను కొంచెము ఆపి దేహధర్మమును చెప్పవలసియున్నది. అది ప్రాణముతో కూడిన సంగతి. మన దేహపు వేడిమి ఇంచుమించు ముప్పదియేడు డిగ్రీలు. కష్టపడి పని చేయునపుడు ఆ వేడిమి పెరుగును. చెమట పట్టి, అది ఆరినపుడు ఒడలు చల్లబడును. చెమట కారినంతమాత్రమున ప్రయోజనము లేదు, ఆరవలెను. తీరమున గాలిలో తేమ యెక్కువ గనుక చెమట కారును గాని ఆరదు. అందుచేత ఒకే వేడిమి మెట్టసీమలోకంటె సముద్రతీరమున ఎక్కువ అపాయకరము. ఎండలో కష్టపడువానినుండి గంటకు లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ చెమట పోవును. చెమటతో ఉప్పును పోవును. నీరు మాత్రమే అదేపనిగా త్రాగుచు ఉప్పును మరచినను కీడే. తలత్రిప్పుట, పిక్కలు పట్టుట, వికారము మొదటి హెచ్చరికలు. అప్పుడే నీడకు చేరినవాడు బ్రతికినవాడు. ఆ హెచ్చరికను త్రోసిపుచ్చినచో దేహపు వేడిమి నలువది డిగ్రీలు దాటును; మాట తడబడును, మతి తప్పును. అది వడదెబ్బ. అట్టివానిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒడలెల్ల నీటితో తడిపి విసరుచు, వైద్యునికి కబురు పంపవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. ఊపిరి గొట్టమున పడి ప్రాణము తీయును.

మన యాత్రికుడు మొదటి హెచ్చరికవద్ద నున్నాడు. బాటప్రక్క తాటాకు పాక యొకటి కనబడెను. దాని ముంగిట వేపచెట్టు నీడన ఒక ముదుసలి కూర్చుండి యుండెను. అతడు నీరడిగెను.

"ఈ ఎండలో యాడికి పోతుండావు నాయనా? ముందు నీడన కూసో," అనెను ఆమె.

"రాత్రికి గూడూరు చేరాల అవ్వా. నీళ్లు తాగి పోతాను."

"పోదువులే. ఎండ దిగనీ."

ఆమె ముందుగా కుండనీరు ఇచ్చెను. కొంత తడవైన పిదప ఉప్పు వేసిన గంజి ఇచ్చెను. అతడు లేవబోగా "ఎండ దిగనీ" యని మరల కూర్చుండబెట్టెను. ఆమె వైద్యశాస్త్రము చదివినది కాదు. అయినను ఆమె ఇచ్చిన గంజిలో నీరును, ఉప్పును, పిండిపదార్థమును కలవు. 1971లో బెంగాలు సరిహద్దున బనగావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలినపుడు వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పును చక్కెరయు కలిపిన నీటిని త్రాగించి వేలమంది ప్రాణములు నిలిపెను. ఆ పిదప ప్రపంచమంతయు దాని నంగీకరించెను. ఒక లీటరు పరిశుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు; చెంచాలు కొలత తప్పక తలకట్టుగా నుండవలెను. ఇంటింట నేర్వదగిన కొలత ఇది. ఉప్పు వేసిన గంజియు, ఉప్పు వేసిన మజ్జిగయు దాని చుట్టములే.

నాలుగు గంటలకు ఎండ దిగెను. ఊరి కుర్రవాడొకడు అతనిని సైకిలుషాపునకు తీసికొనిపోయెను. షాపువాడు టైరు విప్పి, లోపలివైపు గుడ్డపీలికతో మెల్లగా తుడుచుచు పోయెను. గుడ్డ ఒకచోట తగులుకొనెను. అక్కడ పట్టకారుతో అరంగుళము ముల్లు తీసి చేతిలో పెట్టెను. "టైరు చూసుకోకుండా ట్యూబు బాగుచేసుకుంటే ఏం లాభం సార్?" అనెను. ఆ మాట సైకిలునకు మాత్రమే చెల్లునది కాదు. మన ఊళ్లలో కలహములును, జబ్బులును, అప్పులును ఒకసారి తీరినట్లే తీరి మరల వచ్చుటకు కారణ మిదియే. కన్నమును పూడ్చుదుము, ముల్లును ఉంచుదుము.

ఇంతలో గాలి మారినది. పగలు నేల త్వరగా కాగును, సముద్రజలము మెల్లగా కాగును. కాగిన నేలపై గాలి తేలికై పైకి పోగా, దాని స్థానమునకు కడలిగాలి వచ్చును. ఈ తీరమున అది ఆగ్నేయమునుండి వీచును. ఆ గాలి రానంతవరకు ఊరికి ఉడుకు, వచ్చిన పిదప ఊరికి హాయి. దక్షిణమునకు సైకిలు తొక్కువానికి మాత్రము ఎదురుదెబ్బ. గంటకు పదునైదు కిలోమీటర్ల వేగమున పోవువానికి అంతే వేగముతో గాలి ఎదురైనచో గాలి అడ్డు రెండింతలు గాదు, నాలుగింతలగును. అందుచేత విడవలూరు దాటి కోవూరు చేరుసరికి చీకటి పడెను. అతడు పెన్న దాటలేదు. ఆవలి ఒడ్డున నెల్లూరు దీపములు వెలుగుచుండగా కోవూరులోనే నిదురించెను. ఆ దినమున నడచిన దూరము సంకల్పించినదానిలో సగము కొంచెము దాటినది. మరునాడు మూడు గంటలకే లేచి వంతెన దాటి, వెంకటాచలము, మనుబోలు మీదుగా ఎండ ముదురకముందే గూడూరు చేరెను. ఒకదినము ఆలస్యమైనది, యాత్ర చెడలేదు. వేపనీడన కూర్చుండక మొండిగా పోయియున్నచో యాత్రయే కాదు, యాత్రికుడును మిగిలియుండడేమో.

ఈ తీరమున కష్టము వేసవికే పరిమితము కాదు. అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనము ఈ సీమకు ప్రధానమైన వర్షకాలము. వాయుగుండముల కాలమును అదియే. 2021 నవంబరులో పెన్న పొంగినపుడు కోవూరువద్ద జాతీయరహదారియే కోసుకొనిపోయెను; పడుగుపాడు దగ్గర రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. లారీలును రైళ్లును నిలిచిపోయిన చోట సైకిలు నిలిచిపోవుట అవమానము కాదు. ఆగవలసినచోట ఆగుటయు ప్రయాణములోని భాగమే. బొంబాయినుండి బయలుదేరిన ఆరుగురిలోను ముగ్గురు తుదివరకు పోలేదు గదా.

నేటికాలమున దూరపు సైకిలు పరుగులు నియమముతో జరుగుచున్నవి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలోను, 300 కిలోమీటర్లను 20 గంటలలోను, 600 కిలోమీటర్లను 40 గంటలలోను ముగింపవలెనని గడువులు. వానిలో పాల్గొను యువకులు మన రహదారులపై రాత్రింబవళ్లు పోవుచుందురు. గడువు మంచిదే, అది సోమరితనమును పోగొట్టును. కాని గడువు గడియారమునకు తెలియును గాని దేహమునకు తెలియదు. రెంటికిని తగవు వచ్చినపుడు దేహము మాటయే వినవలెనని తలిదండ్రులు పిల్లలకు చెప్పవలెను.

సభాసదులారా, ఈ కథకును గ్రంథాలయ రజతోత్సవమునకును సంబంధమేమని ఎవరైనను అడుగవచ్చును. సంబంధము కలదు. ఆంధ్రదేశమున గ్రంథాలయము ఒకచోట కూర్చున్న సంస్థ కాదు. అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలైనవారు 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును స్థాపించినది మొదలు, పుస్తకమును పాఠకునియొద్దకు నడిపించుటయే దాని వ్రతము. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవలో పుస్తకములను పంపిరి. పుస్తకము ప్రయాణము చేసిన దేశమిది. ప్రయాణము చేయువానికి పుస్తకాలయము నీడ నిచ్చుట దానికి తగిన ధర్మమే.

అందుచేత ఈ ఉత్సవ సందర్భమున గ్రామమువారు నాలుగు చిన్న పనులు తలపెట్టుట బాగుండును. గ్రంథాలయపు అరుగుపై వేసవి నాలుగు నెలలు చలివేంద్రము నడుపవలెను. దాని ప్రక్కన ఉప్పును చక్కెరయు కొలత వ్రాసిన పలకతో నుంచవలెను. ఒక గాలిపంపును, ప్యాచీల డబ్బాను ఉంచవలెను. చుట్టుప్రక్కల ఏ బావినీరు తీపి, ఏ బావినీరు ఉప్పు, ఏ బాట వానలో మునుగును, ఏ దారి ఇసుక పాలు అను సంగతులు పెద్దల నడిగి వ్రాయించి ఒక పటము గోడకు తగిలింపవలెను. కడపటిది, వచ్చిపోవు బాటసారులచేత వారి కష్టదినమును ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఆ పుస్తకము ఏ ముద్రణాలయమునను దొరకదు. ఇరువది అయిదేండ్లకు అది ఈ గ్రంథాలయపు అరలలో విలువైనవానిలో నొకటి యగును.

ఇరువది అయిదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు కష్టదినములు తెలియకపోవు. చందాలు రాని నెలలును, పైకప్పు కారిన వానలును, పాఠకులు తగ్గిన రోజులును ఏ గ్రంథాలయమునకైనను వచ్చునవే. ఆ దినములలో దానిని నిలిపినది తొందర కాదు, ఓర్పు. తాటాకు పాక ముంగిట ఆ ముదుసలి చెప్పినది రెండే మాటలు: ఎండ దిగనీ. ఎండ దిగువరకు నీడ నిచ్చువారు ప్రతి ఊరను ఉన్నంతకాలము, బాటసారి బయలుదేరుటకు వెరవడు.

గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగు భాగ్యము కలుగుగాక.